మాస్టారి వదులు చొక్కాలు

మా మాస్టారి దుకాణంలో ఎవరి నడుం కొలతా పైకి చదవకూడదు. గోడమీద రాసిపెట్టిన నియమమేమీ కాదు. కానీ అక్కడ ఏళ్ళ తరబడి కాజాలు కుట్టి గుండీలు వేస్తున్న నాకు తెలిసి అది ఒక్కసారి కూడా తప్పలేదు. మిగతా టైలర్లు టేపు చుట్టి, బజారంతా వినపడేలా అంకె అరుస్తారు, పక్కవాడు రాసుకుంటాడు. మా మాస్టారు టేపు చుట్టి, చూసి, తనే వెళ్ళి రాసుకునేవాడు. నిరుడు కుట్టించుకున్న ప్యాంటు పట్టడం లేదని ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే, "బట్ట కుదించుకుపోయిందండీ, ఉతుకులో అంతే" అనేవాడు. కుదించుకున్నది బట్ట కాదని వచ్చినవాళ్ళకీ తెలుసు. ఆ ఒక్క మాట అనిపించుకోవడానికే నాలుగు వీధులు దాటి మా దగ్గరికి వచ్చేవాళ్ళు.

ఆ మర్యాదే ఆయన తనకు తాను కూడా చేసుకున్నాడు. కొంప మునిగింది అక్కడే. తన బట్టలు తనే కుట్టుకునే మనిషికి బట్టలెప్పుడు బిగుతవుతాయి? లోపల నాలుగు వేళ్ళ బట్ట మిగిల్చి కుట్టుకునేవాడు. కాస్త పట్టేసినట్టు అనిపించగానే కుట్టు విప్పి వదులు చేసుకునేవాడు. ఒళ్ళు పెరుగుతోందని మనిషికి మొదట చెప్పేది ప్యాంటు గుండీ. ఆయన దాని నోరు నొక్కేశాడు. చివరికి మిషను బల్ల అంచు కూడా పొట్ట పట్టేటట్టు గుండ్రంగా కోయించుకున్నాడు. ఎందుకు మాస్టారూ అంటే, చెక్క గరుకుగా ఉంది చెల్లెమ్మా, చొక్కా చిరుగుతోంది అన్నాడు. గరుకైతే చిత్రిక పట్టిస్తారు గానీ కోయిస్తారా అని నేను అడగలేదు. అందరి పరువూ కాపాడే మనిషి పరువు నేనెందుకు తీయాలి?

ఆయనకు పెళ్ళి కాలేదు. అక్క ఉంది. తల్లి పోయాక ఆయన్ని పెంచింది, సూదిలో దారం ఎక్కించడం నేర్పింది, బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కడుపు నింపింది ఆవిడే. మూడు పూటలా ఆయన భోజనం అక్కింట్లోనే. ఆ ఇంట్లో ఆవిడ కూతురు, అల్లుడు, వాళ్ళ మూడేళ్ళ పాప కూడా ఉండేవాళ్ళు. అల్లుడు వెల్డింగు పని చేసేవాడు. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. ఇనుప గేటును ఒక్కడే భుజాన వేసుకుని నడిచేవాడు, సాయంత్రం ఇంటికొచ్చాక అదే భుజం మీద పాపని కూచోబెట్టుకుని తిరిగేవాడు.

అక్కదీ తమ్ముడి లాంటి భారీ శరీరమే. ఉన్నట్టుండి ఆవిడ చేతులు సన్నబడ్డాయి, పొట్ట మాత్రం పెరిగింది. ఒళ్ళు చేస్తోంది అనుకున్నారు. అది నీరు అని ఆస్పత్రిలో చెప్పారు. లివరు గట్టిపడిపోయిందట. ఈ మాట బయటికి రాగానే వీధిలో ఒకరి తర్వాత ఒకరు గొంతు తగ్గించి నన్ను అడిగారు, "ఆవిడకి తాగే అలవాటు ఉండేదా?" అని. మందు వాసన కూడా ఎరగని మనిషి ఆవిడ. నాకు ఒళ్ళు మండి, "ఆవిడ తాగింది టీయే, మీ ఇంట్లో ఇచ్చిందే" అని ఒకావిడకి చెప్పాను కూడా.

లివరు మార్చాలన్నారు. బతికున్న మనిషి లివరులో ముక్క తీసి పెడితే అక్కడా ఇక్కడా రెండూ మళ్ళీ పెరుగుతాయట. కూతురి రక్తం కలవలేదు. తమ్ముడిది కలిసింది, అల్లుడిదీ కలిసింది. మాస్టారు ఎంత పొంగిపోయాడంటే, "నాకున్నది అక్కే, నేను కాక ఎవరిస్తారు?" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. పరీక్షలకు వెళ్ళేరోజు కొత్త చొక్కా కుట్టుకున్నాడు. తోడుగా నన్ను రమ్మన్నాడు. దుకాణం మూసి వెళ్ళాను.

స్కానింగు, రక్తపరీక్షలు అయ్యాక డాక్టరమ్మ లోపలికి పిలిచింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి. తెర మీద ఆయన లివరు చూపించింది. నాకేం తెలుస్తుంది, మబ్బు పట్టినట్టు తెల్లగా కనపడింది.

"ఆ తెల్లదనమంతా కొవ్వండీ," అంది. "ఈ లివరులో ముక్క తీసి పెడితే ఆవిడకి పనిచెయ్యదు. మిగిలింది మీకూ సరిపోదు."

మాస్టారు అర్థం కానట్టు చూశాడు. "నాకు నొప్పేం లేదమ్మా," అన్నాడు.

"ఆవిడకీ చివరిదాకా నొప్పి లేదు," అంది డాక్టరమ్మ. "మీరు తిన్నదాంట్లో ఒంటికి ఖర్చవగా మిగిలింది లివరు కొవ్వుగా మార్చి దాస్తుంది. దాచే చోటు లేకపోతే రక్తంలోకి వదులుతుంది. అందుకే మీ రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అంత ఎక్కువున్నాయి. చెడ్డ కొలెస్టరాల్ ఎక్కువుంది, మంచిది తక్కువుంది. ఏళ్ళ తరబడి అలాగే ఉంటే కొందరికి లివరు వాస్తుంది, మచ్చలు పడతాయి, గట్టిపడుతుంది. మీ అక్కగారికి జరిగింది అదే. మీరూ ఆ దారిలోనే ఉన్నారు, కాకపోతే ఇంకా వెనక్కి తిరగొచ్చు."

"మందేదైనా ఇవ్వండమ్మా."

"మీకు మందు బరువు తగ్గడమే. ఒళ్ళు తగ్గుతుంటే అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది లివరే. బయట పొట్ట తగ్గినట్టు ఇంకా కనపడకముందే లోపల తగ్గుతుంది. రక్తంలో కొవ్వు కూడా దిగుతుంది. మీ బరువులో పదో వంతు తగ్గించండి, మూడు నెలల్లో మళ్ళీ చూద్దాం. అంతవరకూ ఆవిణ్ణి మందులతో నెట్టుకొస్తాం అనుకుంటున్నాను. కానీ ఉపవాసాలు చెయ్యకండి. ఒక్కసారిగా తిండి మానేస్తే లివరు ఇంకా దెబ్బతింటుంది, పిత్తాశయంలో రాళ్ళు కూడా రావచ్చు. ఈలోగా ఆవిడ అల్లుడికి కూడా పరీక్షలు చేసి ఉంచితే మంచిది."

బయట వరండాలో మేనకోడలు, అల్లుడు నిలబడి ఉన్నారు. పాప కుర్చీల కింద దూరి ఆడుకుంటోంది. "ఏమన్నారు మావయ్యా?" అంది మేనకోడలు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళూ తన పొట్ట తన సొంత వ్యవహారం అనుకున్నాడు. ఇప్పుడది అక్క ప్రాణానికి అడ్డంగా కూచుంది. ఆ మాట ఆ పిల్లతో ఎలా చెబుతాడు?

"అంతా సరిపోయింది," అన్నాడు. "కాస్త సన్నబడి రమ్మన్నారు. కోతకి వీలుగా ఉంటుందట."

"నాక్కూడా పరీక్షలు చేయించుకుంటాను మావయ్యగారూ, ఎందుకైనా మంచిది," అన్నాడు అల్లుడు.

"నేనుండగా నీకెందుకయ్యా? చిన్న పిల్లని పెట్టుకుని," అన్నాడు మాస్టారు. ప్రేమతోనే అన్నాడు. సిగ్గు కూడా కలిపి అన్నాడు. ఆ రెండూ కలిస్తే ఎంత ముప్పో నాకు అప్పుడు తెలియదు.

చేస్తానన్నది చెయ్యాలని మాస్టారికి లేకపోలేదు. అక్కింటి భోజనం ఆదివారాలకే పెట్టుకుని, మొదటి రెండు రోజులూ నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. డాక్టరమ్మ వద్దన్న పనే ముందు చేశాడు. మూడో రోజు కళ్ళు తిరిగి, కత్తెర పట్టుకోలేక, ఎదురుగా ఉన్న బేకరీలోకి వెళ్ళి బన్నులు తిని వచ్చాడు. ఎన్ని తిన్నాడో నేను లెక్కపెట్టలేదు. మర్నాడు మళ్ళీ పస్తు, ఆ మర్నాడు మళ్ళీ బేకరీ. పొద్దున్నే నడవడానికి బయల్దేరేవాడు. ఎవరైనా చూసి "ఏంటి మాస్టారూ, ఒళ్ళు తగ్గించే పనిలో ఉన్నారా?" అంటారేమోనని గోదాముల వెనక సందులో నడిచేవాడు. అక్కడ కుక్కలు తరిమితే అదీ మానేశాడు. మందుల షాపులో బరువు చూసే మిషను దగ్గర నిలబడతాడు, ఎవరో ఒకరు వస్తారు, మందులు కొనడానికి వచ్చినట్టు దగ్గు బిళ్ళలు కొనుక్కుని వచ్చేస్తాడు. ఆ నెలలో మా దుకాణంలో దగ్గు లేదు గానీ బిళ్ళలు మాత్రం సొరుగు నిండా ఉన్నాయి.

నవ్వొచ్చే సంగతే. కానీ నెల తిరిగేసరికి ఒంట్లో తేడా రాలేదని ఆయనకు తెలుసు. అక్క ముందు నిలబడాలి. ఆవిడ మంచం మీద నుంచి తలెత్తి చూస్తుంది. ఏం మొహం పెట్టుకుని నిలబడతాడు?

ఒక ఆదివారం ఆయన అక్కింటికి కొత్త చొక్కాతో వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. అలవాటుగా పాత కొలతకే కుట్టుకున్నానన్నాడు గానీ, చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. మెడ దగ్గర కాలరులో రెండు వేళ్ళు దూరేంత ఖాళీ. ప్యాంటు నడుం దగ్గర ముడతలు పడి, బెల్టు బిగించి ఉంది. మేనకోడలు వంటింట్లోంచి వచ్చి నోరు తెరిచి చూసింది. అల్లుడు నవ్వాడు. అక్క ఆయన్ని దగ్గరికి రమ్మని, చొక్కా చెయ్యి పట్టుకుని కాసేపు చూసింది.

"ఎంత చిక్కిపోయావురా," అంది.

మాస్టారు నవ్వలేదు. తల దించుకుని నేల చూశాడు. మేమంతా అది మొహమాటం అనుకున్నాం. పస్తులు ఎలాగో పనిచేశాయని నేనూ నమ్మాను.

ఆ తర్వాత రెండు వారాలకో చొక్కా. ఒకదానికంటే ఒకటి వదులు. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. అల్లుడికి ఎక్కడో దూరాన ఓ వంతెన పని వచ్చింది, నెలల తరబడి అక్కడే ఉండాలి. అత్తగారి కోసం ఆగుదామా అని తటపటాయిస్తున్నవాడు, "మావయ్యగారు సగమైపోయారు, ఇంక నా పరీక్షలెందుకు" అని సంచి సర్దుకుని వెళ్ళాడు. మాస్టారు బస్సు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాడు. ఆ సాయంత్రం ఆయన ఒక ప్యాంటు కాళ్ళు రెండూ ఒకదానికొకటి కలిపి కుట్టేశాడు. పరధ్యానం అనుకుని విప్పి ఇచ్చాను.

నాకు వింతగా తోచింది ఒకటే. ఆ చొక్కాలకు కాజాలు ఆయనే కుట్టుకున్నాడు. "నా కాజాలకేం వచ్చింది మాస్టారూ?" అంటే, "నీకు పని ఎక్కువగా ఉందిగా చెల్లెమ్మా," అన్నాడు. పని ఎప్పుడు తక్కువుందని? అయినా నేను తరచి అడగలేదు. అక్క కోసం తపించే మనిషి, తన బట్టలు తనే కుట్టుకుంటే తృప్తేమో అనుకున్నాను.

మూడు నెలలు నిండకముందే అక్కకి జబ్బు ముదిరింది. కళ్ళు పచ్చబడ్డాయి, మంచం దిగలేకపోయింది. ఆస్పత్రిలో చేర్చాం. ఇంక ఆగలేం, తమ్ముణ్ణి వెంటనే మళ్ళీ పరీక్షించాలి అంది డాక్టరమ్మ. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కోతకి భయపడుతున్నాడు కాబోలు అని నేను ధైర్యం చెప్పాను. నేను చెప్పిన ధైర్యం ఆయన ఎలా విన్నాడో పాపం.

నర్సు ఆయన్ని వరండాలోని బరువు మిషను ఎక్కించింది. ఎక్కించి, బల్ల దగ్గర రాసుకుంటున్న ఇంకో నర్సుకి వినపడేలా అంకె గట్టిగా చదివింది. ఆ అంకె మొదటిసారి వచ్చినప్పటి అంకె కంటే ఒక్క పిసరు కూడా తక్కువ లేదు. కొంచెం ఎక్కువే. మేనకోడలు అక్కడే నిలబడి ఉంది.

"మిషను తప్పేమో చూడండి," అంది ఆ పిల్ల.

నర్సు తనెక్కి చూసుకుంది. "సరిగానే ఉందమ్మా," అంది.

మేనకోడలు మావయ్య వైపు తిరిగింది. వేలాడుతున్న చొక్కా చూసింది, మిషను చూసింది. నేను ముందుకెళ్ళి ఆ చొక్కా పక్క కుట్టు దగ్గర పట్టుకున్నాను. ఇన్నేళ్ళుగా సూది పట్టినదాన్ని, వేళ్ళకు తెలిసిపోయింది. పాత కొలతకు కుట్టిన చొక్కా మనిషి తగ్గి వదులైంది కాదు. కావాలని రెండు సైజులు పెద్దగా కత్తిరించి కుట్టింది. ఆ మాట పైకి అనేశాను. ఆపుకోలేకపోయాను.

మాస్టారు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. ఆ వరండాలో ఆయన కోసం ఒక్క కుర్చీ కూడా ఖాళీగా లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు సర్దుకున్నాడు. ఆ చొక్కానే సర్దుకున్నాడని తట్టి వదిలేశాడు.

"మావయ్యా," అంది ఆ పిల్ల, "ఆయన్ని నేనే పంపించాను. ఏం పర్లేదు, మావయ్య ఉన్నాడుగా అని." తిట్టి ఉంటే బాగుండేది. స్కానింగు కూడా చేశారు, అదీ ఆ మాటే చెప్పింది. కొవ్వు తగ్గలేదు సరికదా, పస్తులకీ బేకరీకీ మధ్య నలిగి లివరు కాస్త వాచింది కూడా.

నేను మాత్రం ఊరుకోలేదు. మెట్ల దగ్గర ఆయన్ని నిలబెట్టి అడిగాను. "లోపల తగ్గాక బయట కనపడుతుందని ఆవిడ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. మీరు బయట తగ్గించి చూపించారు. ఎవరికి మాస్టారూ? ఎవరు అడిగారు మిమ్మల్ని చొక్కాలు?"

"మొదటి చొక్కా ఒక్కటే అనుకున్నాను చెల్లెమ్మా," అన్నాడు. "ఆ వారానికి గట్టెక్కి, తర్వాత నిజంగా తగ్గిపోదాం అనుకున్నాను. అక్క చిక్కిపోయావురా అంది. ఇంక ఆ తర్వాతి వారం అంతకంటే లావుగా ఎలా వెళ్ళను?"

అబద్ధం ఎంత సులువుగా పెరుగుతుందో ఆయన చెప్పిన తీరు విన్నాక నా కోపం సగం చల్లారింది. మిగతా సగం ఇప్పటికీ ఉంది.

అక్కకి తనే చెప్పాలని ఆయన లోపలికి వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళలేక నన్నూ రమ్మన్నాడు. మంచం పక్కన నిలబడి, "అక్కా, నేను తగ్గలేదు. నీ కళ్ళకు గంతలు కట్టాను," అన్నాడు.

ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. "తెలుసు," అంది.

ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం.

"నీకు కత్తెర పట్టడం నేర్పిందెవరురా? మనిషి చిక్కితే పొట్ట దగ్గర వదులవుతుంది, మెడ దగ్గర వదులవుతుంది. భుజం ఎముక చిక్కదు. నీ చొక్కా భుజం కుట్టు మోచేతి వైపు జారి ఉంది. మొదటి రోజే చూశాను." గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మాస్టారి చెయ్యి అప్రయత్నంగా భుజం మీదకి వెళ్ళింది. నవ్వాల్సిన చోట ఎవరికీ నవ్వు రాలేదు.

"తెలిసీ ఎందుకూరుకున్నావక్కా?"

"నువ్వివ్వలేవని తేలితే అల్లుణ్ణి కోస్తారు," అంది ఆవిడ. ఒక్కో మాటకీ ఆగుతూ చెప్పింది. "బరువులు మోసి బతికేవాడు. నా కూతురి ఇల్లు ఆ రెండు చేతుల మీద నిలబడింది. నేనింక ఎన్నాళ్ళు బతుకుతాను? వాణ్ణి పనికి పోనీయాలనుకున్నాను. నీ చొక్కా నాకు ఆ పనికొచ్చింది."

మాస్టారు అక్కను మోసం చేశానని సిగ్గుతో చస్తూ వచ్చాడు. ఆ మోసాన్నే అడ్డం పెట్టుకుని అక్క చావుకి సిద్ధపడిందని ఇక్కడికొచ్చాక తెలిసింది. ముందటి సిగ్గు దీని ముందు ఎంత.

"నువ్వు మాత్రం తగ్గరా," అంది ఆవిడ. "నాకివ్వడానికి కాదు. నువ్వూ ఇలా పడుకోకుండా."

మర్నాటి నుంచి ఆవిడ మాట తడబడింది. కూతుర్ని చూసి ఎవరమ్మా నువ్వు అంది. లివరు శుభ్రం చేయలేని విషం తలకెక్కుతోందన్నారు. ఇంక ఆవిడ ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం లేదు. మేనకోడలు భర్తకు ఫోను చేసింది. నువ్వు రావద్దు అని మొదలుపెట్టి ఏడ్చేసింది. అతను ఏమీ అడగకుండా వచ్చేశాడు. హడావుడిగా పరీక్షలు చేశారు. అన్నీ సరిపోయాయి. కోతకి తీసుకెళ్ళే ముందు మాస్టారు అతని చెయ్యి పట్టుకోబోయాడు. అతను మరో వైపు తిరిగి పాపకు చెయ్యి ఊపుతున్నాడు, చూసుకోలేదు. చూసుకోలేదనే నేను అనుకుంటున్నాను.

అక్క బతికింది. నెల తిరగకుండా కళ్ళు తెల్లబడ్డాయి, మనుషుల్ని గుర్తుపట్టింది. తనకు ఎవరిది పెట్టారో తెలిసిన రోజు మాత్రం అన్నం ముట్టలేదు. అల్లుడికి అంత బాగా జరగలేదు. కోసిన చోట పిత్తం కారుతోందన్నారు. డొక్కలో గొట్టం వేసి సంచి తగిలించారు. నయమవుతుంది గానీ టైము పడుతుంది, అంతవరకూ బరువులెత్తకూడదు అన్నారు. వంతెన పని వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది.

మాస్టారు తగ్గడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని నేనే అన్నాను, ఆయన ముందే. ఆయన అవునన్నాడు. ఈసారి పస్తులు లేవు, బేకరీ లేదు. కంచంలో సగం కూరగాయలు, కాస్త అన్నం, కాస్త పప్పు, టీలో చక్కెర లేదు. ఎవరైనా బలవంతపెడితే, "నా లివరు నిండా కొవ్వుందండీ, తినకూడదు," అని మొహమాటం లేకుండా చెప్పేవాడు. బజారు మధ్యలోంచే నడిచేవాడు. వెటకారంగా పలకరించినవాళ్ళకి తన బరువెంతో చెప్పి మరీ నడిచేవాడు. శిక్ష వేసుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. శిక్ష కోసమైనా మంచి తిండి తింటున్నాడు కదా అని ఊరుకున్నాను. బట్టలు మాత్రం కొత్తవి కుట్టుకోలేదు. పాత ప్యాంటే తాడుతో బిగించుకుని తిరిగాడు. అక్కింటికి భోజనానికి వెళ్ళడం మానేశాడు. మేనకోడలు పిలవలేదని కాదు, పిలిచింది. వెళ్ళలేకపోయాడు.

మూడు నెలలయ్యాక తన పరీక్షలకు ఆయన వెళ్ళాలి. అదే రోజు అల్లుడు గొట్టం చూపించుకోవాలి. మేనకోడలు తల్లిని కనిపెట్టుకుని ఇంట్లో ఉండిపోయింది. అల్లుడికి తోడు మాస్టారు వెళ్ళక తప్పలేదు. పాప నాన్నని వదలనని మారాం చేస్తే, ఎత్తుకోవడానికి నేనూ వెళ్ళాను.

డాక్టరమ్మ ముందు అల్లుణ్ణి చూసి, ఇంకో నెల ఉండాలయ్యా ఈ గొట్టం, అంది. తర్వాత మాస్టారి కాగితాలు తీసింది. తెర మీద లివరు చూపించింది. ముందటి మబ్బు లేదు. నాక్కూడా తేడా తెలిసింది.

"కొవ్వు దాదాపు పోయిందండీ. వాపు లేదు," అంది. "ట్రైగ్లిజరైడ్లు మామూలుకొచ్చాయి, చెడ్డ కొలెస్టరాల్ దిగింది. బరువు సరిగ్గా నేను చెప్పినంతే తగ్గారు. మూడు నెలల్లో ఇంత చక్కగా చేసేవాళ్ళు తక్కువ. ఈ లివరైతే నేను నిశ్చింతగా తీసుకునేదాన్ని."

ఎవరి ముందు అన్నదో అన్నాక ఆవిడకే తెలిసింది. కాగితాలు సర్దడం మొదలుపెట్టింది. ఆ గదిలో అల్లుడు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. గొట్టం నలగకుండా, నెమ్మదిగా, కింద గుండీ వదిలేసి.

మాస్టారు చేతులు జోడించాడు. డాక్టరమ్మకో, అతనికో నాకు తెలియలేదు. చెయ్యలేకపోయాను అనుకుంటే మనిషికి కాస్త నీడ ఉంటుంది. చెయ్యగలిగేవాణ్ణే అని ఇప్పుడు కాగితం మీద తేలింది. ఇంక దాక్కోవడానికి చోటేది?

బయట వరండాలో ఆయన అల్లుడి ముందు ఆగాడు. "తిట్టయ్యా నన్ను. నీకు పుణ్యముంటుంది."

అల్లుడు గొట్టం సంచి సర్దుకున్నాడు. "తిట్టాలనే ఉంటుంది మావయ్యగారూ, ఒక్కోరోజు," అన్నాడు. "అత్తయ్య వింటుందని ఊరుకుంటాను." ఆ మాట అని మెల్లగా మెట్ల వైపు నడిచాడు.

మెట్ల దగ్గర పాప నా చెయ్యి విడిపించుకుంది. పరుగెత్తి వెళ్ళి, వాళ్ళ నాన్న కాళ్ళకు అడ్డం నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. అతను వంగబోయి, డొక్క పట్టుకుని ఆగిపోయాడు. "తాతయ్య ఎత్తుకుంటాడమ్మా," అన్నాడు.

మాస్టారు పాపని ఎత్తుకున్నాడు. ఇదివరకు నాలుగు మెట్లకే ఆయాసపడే మనిషి, మూడు అంతస్తులూ ఆగకుండా దిగాడు. పాప ఆయన భుజం మీదుగా వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ గోడ పట్టుకుని దిగుతున్న వాళ్ళ నాన్న వైపు చేతులు చాపి, నువ్వే ఎత్తుకో అని కింద దాకా ఏడుస్తూనే ఉంది.